అమ్మకు మాట పోయింది, "కలడో లేడో" మిగిలింది. ఇది భక్తా, అలవాటా?

లెక్కల టీచరమ్మ

అందరికీ నమస్కారం. నేను పద్యాల మనిషిని కాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాను. ఈ సంగతి మా స్టాఫ్ రూమ్‌లో అడిగితే ఒకరు గుడికి వెళ్లమంటారు, ఇంకొకరు జాలిపడతారు. అందుకని ఇక్కడ అడుగుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా అమ్మకి డెబ్భై మూడేళ్లు. మొన్న మాఘమాసంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, వాటితోపాటే మాటా పోయింది. మనం చెప్పేది చాలావరకు తెలుస్తుంది. తను చెప్పాలంటేనే రాదు. దాహమేస్తే "అదీ... అదీ..." అంటుంది, గ్లాసు వైపు చూస్తుంది. అది నాకు వెంటనే తట్టకపోతే కోపమొచ్చి మొహం గోడకి తిప్పేసుకుంటుంది. మూడు నెలలుగా "నీళ్లు" అన్న ఒక్క మాట ఆ నోట్లోంచి రాలేదు.

ఒక రాత్రి నా ఫోన్‌లో ఎవరో పంపిన గజేంద్ర మోక్షం మోగింది. తీసేద్దామనుకునేలోపే అమ్మ అందుకుంది. తడబాటు లేదు, నత్తి లేదు. గొంతు కూడా పాత గొంతే.

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలన్
గలడందు రన్ని దిశలను
గలడు కలండనెడివాడు గలడో లేడో

"లేడో" దగ్గర ఆగి నా వంక చూసింది. కనుబొమలు రెండూ పైకెత్తి, క్లాసులో మనం ప్రశ్న వేసి పిల్లల వంక చూస్తామే, సరిగ్గా అలాగ. నాకు ఒళ్లు జలదరించింది. "ఉన్నాడమ్మా" అనేశాను. అన్నాక అబద్ధం చెప్పినట్టయింది, ఎందుకంటే నాకా నమ్మకం పెద్దగా లేదు. మర్నాడు నేనే మొదటి రెండు మాటలు అందించాను. మళ్లీ మొత్తం చెప్పింది, మళ్లీ అక్కడే ఆగింది, మళ్లీ అదే చూపు. ఈసారి నేనేమీ అనలేదు. అమ్మ విసుక్కుంది.

అమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆవిడ గంటలు గంటలు పూజలు చేసే రకం కాదు. ఏడాదికోసారి కొత్త అమావాస్యకి నూకాలమ్మ దర్శనం, అంతే. అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర ఇరవై ఆరేళ్లు టిఫిన్ కొట్టు నడిపింది. తెల్లారుజామున నాలుగింటికి పొయ్యి ముట్టిస్తే, బళ్లు తోలుకొచ్చిన రైతులూ కాటా కూలీలూ వరసగా వచ్చేవారు. మా తాతయ్య చదివే భాగవతం విని విని ఆవిడకి పద్యాలొచ్చాయి. చదువు ఐదో తరగతే. పొయ్యి దగ్గర పద్యాలు అంటూనే ఉండేది, కానీ చేతులు జోడించి కాదు. "కొట్లో గడియారం ఎందుకే, అట్టుకి రెండు పద్యాలు" అనేది. నేనా మూల గ్లాసులు కడుగుతూ ఎక్కాలు వల్లె వేసుకునేదాన్ని, కాబట్టి ఏ రెండో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఒకటి ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది. రెండోది ఎంత తలచుకున్నా గుర్తు రావట్లేదు.

నా ప్రశ్న ఇది. ఈ పద్యం ఆవిడ అర్థం తెలిసి అంటోందా, లేక నోరు దానంతటది తిరుగుతోందా? రెండోది నా గురించి. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో పాతిక మంచిమాటలు వస్తాయి. గులాబీ పువ్వు, దీపం, కింద బుద్ధుడి పేరు. ఒక్కటీ లోపలికి దిగదు. ఈ నాలుగు పాదాలు మాత్రం రాత్రి రెండింటికి లేపి కూర్చోబెడుతున్నాయి. లెక్కల బుద్ధి కదా, లెక్కపెట్టాను. "కల" అన్నమాట ఆరుసార్లు, "లేడు" ఒక్కసారి. అయినా ఆ ఒక్కటే బరువుగా ఉంది. ఎందుకని?

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. అమ్మ అలా చూసినప్పుడు నేనేం చెప్పాలి?

నారాయణ దాసి

ఓం నమో నారాయణాయ. తల్లీ, సందేహించకు. రోజూ పదకొండు సార్లు గజేంద్ర మోక్షం చదివించు, నలభై రోజుల్లో మాట వచ్చేస్తుంది. కలడు కలడు కలడు.

లెక్కల టీచరమ్మ

మీ ప్రేమకు దండాలండీ. చదివించడానికి ఆవిడకి మాట లేదు, అదే కదా చిక్కు. ఇంకోటి, మీరు "కలడు" మూడుసార్లే అన్నారు. పోతన గారు ఆరుసార్లు అని కూడా "లేడో" అన్నారు.

మాటసాయం

టీచర్ గారూ, నేను స్పీచ్ థెరపిస్టును, పద్నాలుగేళ్లుగా ఇదే పని. మీ మొదటి ప్రశ్నకి నాకు తెలిసినంత చెప్తాను. మిగతా రెండూ నా చేతిలో లేవు.

మీరు చెప్పినదాన్ని అఫేసియా అంటాం. మనలో ఎక్కువమందికి మాట్లాడే పని మెదడు ఎడమ భాగంలో జరుగుతుంది. అక్కడ దెబ్బ తగిలితే కుడి చెయ్యీ కాలూ, దాంతోపాటే మాటా పడిపోతాయి. అయితే మాటంటే ఒకే సరుకు కాదు. "నాకు నీళ్లు కావాలి" అని ఇప్పటికిప్పుడు వాక్యం అల్లుకోవడం ఒక పని. నలభై ఏళ్లుగా నోట నానినదాన్ని అప్పజెప్పడం ఇంకో పని. మొదటిది పోయినా రెండోది నిలబడడం మేం తరచూ చూస్తాం. ఒకట్లు, వారాల పేర్లు, పాటలు, పద్యాలు, ప్రార్థనలు. తిట్లు కూడానండోయ్. పేరు చెప్పలేని పెద్దాయన నర్సుని చక్కగా, వ్యాకరణ దోషం లేకుండా తిట్టడం విన్నాను. ఇంట్లోవాళ్లు సిగ్గుపడ్డారు, నేను మాత్రం సంతోషించాను.

దీని మీద ఆధారపడ్డ చికిత్స కూడా ఉంది. మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అంటారు. 1970ల్లో అమెరికాలో బోస్టన్ వాళ్లు తయారుచేశారు. రోగి ఎడమ చేత్తో తాళం వేయిస్తూ, రోజూ అవసరమయ్యే చిన్న మాటల్ని రాగంలో అనిపిస్తాం, తర్వాత మెల్లగా రాగం తీసేస్తాం. అందరికీ ఒకేలా పనిచేయదు. మీ ఊళ్లో థెరపిస్టు ఎవరైనా ఉంటే అడగండి. పద్యం వచ్చేసింది కాబట్టి మాట వచ్చేస్తోందని మాత్రం అనుకోవద్దు. ఈ ఆశతో చాలా ఇళ్లు దెబ్బతిన్నాయి.

అర్థం తెలిసి అంటున్నారా అంటే, పద్యం ఒక్కటే విని ఎవరూ తేల్చలేరు. కానీ మీ పోస్టులో నన్ను ఆపింది పద్యం కాదు, ఆ కనుబొమలు. కంఠతా వచ్చినదాంట్లో కనుబొమలు ఎత్తడం ఉండదు. అది అమ్మగారి సొంత మాట. ఆ చూపుతో మిమ్మల్ని ఏదో అడుగుతున్నారు. ఏమడుగుతున్నారో పద్యంలో వెతక్కండి, ఆవిడ కళ్లు ఎటు వెళ్తున్నాయో చూడండి, ఎడమ చెయ్యి ఏం చేస్తోందో చూడండి. ఆ ఖాళీని మీ జవాబుతో నింపెయ్యకుండా మనసులో పది లెక్కపెట్టండి. మీకు లెక్క బాగా వచ్చు కదా.

పాతపలక

అమ్మా, నేను జనగామ దిక్కు తెలుగు పండితునిగా ముప్పై రెండేండ్లు పని చేసి దిగిపోయిన. పోతన పుట్టిన బమ్మెర మా దగ్గరనే. కనుక నాకు కొంచెం పక్షపాతం ఉంటది, ముందే చెప్తున్న.

నీ లెక్క బాగున్నది, ఆరు కలడులు, ఒక లేడు. ఇంకొక లెక్క చెయ్యి. "అందురు" మూడుసార్లు ఉన్నది, "అనెడి" ఒకసారి. ఉన్నాడని ఎవరో అంటున్నరు. దీనుల దగ్గర ఉంటాడని అంటరు, యోగుల దగ్గర ఉంటాడని అంటరు, అన్ని దిక్కుల ఉంటాడని అంటరు. అంతా వినికిడి. ఏనుగు తన కండ్లతో చూసింది ఒక్కటి లేదు. ఆఖరి రెండు మాటలే దాని సొంతం, "కలడో లేడో". నీకు ఆ "లేడో" బరువుగా తగిలిందంటే కారణం ఇదే కావొచ్చు. తక్కిన పద్యమంతా ఊరివాళ్ల మాట, ఆ ముక్క ఒక్కటే తన నోటిమాట.

ఇదే పోతన దీనికి ముందు స్కంధంలో ప్రహ్లాదునితోని ఏమనిపించిండు? "ఇందుగలడందు లేడని సందేహము వలదు." సందేహం వద్దన్న కవే ఎనిమిదో స్కంధం కాడికి వచ్చి సందేహాన్నే కందం చేసిండు. బడిలో పిల్లలు అడిగేటోళ్లు, సార్, ఏది నిజమని. నేను ఎదురడిగేది, ఎవరి కాలు మొసలి నోట్లె ఉన్నదిరా అని. ప్రహ్లాదుడు తండ్రితోని వాదంలో ఉన్నడు. ఈ ఏనుగు వెయ్యేండ్లు కొట్లాడి ఓడిపోతున్నది. ఒకే మాట ఇద్దరి నోట ఎట్ల వస్తది?

సంస్కృత భాగవతంలో గజేంద్రుని స్తుతి పెద్దగనే ఉంటది, వేదాంతం నిండుగ ఉంటది. ఈ "కలడో లేడో" మాత్రం అక్కడ లేదు, పోతన చేర్చింది. అక్కడ విష్ణుమూర్తి చక్రం పట్టుకొని గరుత్మంతుని మీద వస్తడు, మర్యాదగ. మన పోతన దగ్గర సిరికి చెప్పడు, శంఖచక్రాలు చేత పట్టడు, గరుడుని పిలువడు, లక్ష్మి కొంగు తన చేతిల ఉన్నది గూడ మరిచి ఉరుకుతడు. నాకేమనిపిస్తదంటే, ఏనుగు నోట అంత పచ్చి సందేహం పెట్టినంక దేవుణ్ని తీరుబడిగ నడిపించే మొఖం కవికి లేకపోయింది. ఇది నా ఊహ, శాస్త్రం కాదు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న, అర్థమా అలవాటా అన్నది. దీని మీద వ్యాసుని దగ్గర ఒక మాట ఉన్నది, చాలామంది దాటేసి పోతరు. గజేంద్రుడు ఆ స్తుతి ఎక్కడ నేర్చిండు? అడవిల ఏనుగుకు స్తోత్రాలు ఎవరు చెప్పిండ్రు? స్తుతి మొదలయ్యే శ్లోకంలోనే ఉన్నది, "జజాప పరమం జాప్యం ప్రాగ్జన్మన్యనుశిక్షితం". పోయిన జన్మల, ఇంద్రద్యుమ్నుడనే రాజుగ ఉన్నప్పుడు నేర్చుకున్నదాన్ని ఇప్పుడు జపించిందట. ఒళ్లు మారింది, జాతి మారింది, రాజ్యం పోయింది, నోట్లె అది మిగిలింది. భాగవతం దాన్ని అలవాటని తక్కువ చెయ్యలేదు. మీ అమ్మకు పొయ్యి ముందటి జన్మ ఒకటి ఉండె గద. ఆ స్పీచ్ థెరపీ మేడమ్ చెప్పిందీ ఈ శ్లోకమూ నాకు ఒక్కతీరే వినబడ్డయి.

మూడో ప్రశ్న. ఉన్నాడని చెప్పకు, లేడని చెప్పకు. పద్యానికి పద్యమే జవాబు. పోతన ఏనుగును "లేడో" కాడ ఇడిచిపెట్టలేదు. వెంటనే సీసం ఎత్తుకుంటడు, "కలుగడే నాపాలి కలిమి సందేహింప" అని. నేను సందేహపడ్డంత మాత్రాన నా పాలిట లేకుండ పోతాడా అని దాని భావం. ఆ సందేహం తప్పని ఎక్కడా లెంపలు వేసుకోలేదు చూడు. ఆ తర్వాత "లావొక్కింతయు లేదు". ఆ సీసం ఎత్తి చూడు, అందుకుంటదేమో. లేకుంటే స్తుతి మొదట్లకు పో, "లోకంబులు లోకేశులు" అని ఇంకో కందం ఉన్నది. లోకాలన్నీ పోయినంక మిగిలే పెంజీకటి అవతల ఎవడు ఒక్కడై వెలుగుతడో వాణ్ని కొలుస్త అంటది. పేరు లేదు, రూపం లేదు. నమ్మకం తక్కువున్నోళ్లకు నేను ఆ పద్యమే చెప్త.

ఫ్లెక్సీ బాబు

టీచర్ గారండీ, మీ రెండో ప్రశ్నకి నేను ముద్దాయిని. బెజవాడలో డీటీపీ, ఫ్లెక్సీ షాపు. ఆ గులాబీ, దీపం బొమ్మలు చేసేది మాలాంటోళ్లమే. మొన్న సంక్రాంతికి ఒక రియల్ ఎస్టేట్ ఆయన రోజుకొకటి చొప్పున నెల రోజులకి సరిపడా మంచిమాటలు చేయించుకున్నాడు, ఆయన ఫోటో కింద పెట్టి. నేనే రాశాను సగం. టీ తాగుతూ. "నిశ్శబ్దమే గొప్ప సమాధానం" లాంటివి. కింద ఎవరి పేరు పెట్టమంటారు అంటే, "బుద్ధుడు వెయ్, గొడవుండదు" అన్నాడు. వేశాను. అది తిరిగి తిరిగి మా అత్తగారి ఫోన్ నుంచి నాకే వచ్చింది.

పాపం వేమన గారి సంగతీ అంతే. ఆటవెలదికి ఆఖర్న "విశ్వదాభిరామ వినురవేమ" తగిలిస్తే ఎవరు రాసినా ఆయన ఖాతాలో పడిపోతుంది. బ్రౌను దొర 1829లో అచ్చేసిన నాటికే ఏది ఆయనది, ఏది కాదు అన్న చిక్కు ఉంది. ఇప్పుడు మా షాపుల పుణ్యమా అని ఇంకా ముదిరింది.

నాకు తోచింది చెప్తాను, పెద్ద చదువు లేదు. నేను రాసే మంచిమాటలో ఎవడి కాలూ ఏ మొసలి నోట్లోనూ ఉండదు. ఎవరికైనా సరిపోవాలి, ఎవరికీ గుచ్చుకోకూడదు, రెండు లైన్లు దాటకూడదు. ఆర్డరే అలా ఉంటుంది. కొలత తీసుకోకుండా కుట్టిన చొక్కా అనుకోండి. అందరికీ పడుతుంది, ఎవరికీ బాగోదు.

పెద్దకర్మ ఫ్లెక్సీలకి "పుట్టుటయు నిజము పోవుటయు నిజము" అని అన్నమయ్య ముక్క ఎక్కువగా వేయమంటారు. ఫైల్లో రెడీగా ఉంచుకున్నాను. ఒకసారి ఒక ముసలాయన వచ్చి, భార్య ఫ్లెక్సీ చూసుకుని, ఆ లైను తీసేయమన్నాడు. ఇంకేం పెట్టమంటారు అంటే, ఏమీ వద్దు, ఆ చోటు అలాగే ఖాళీగా ఉంచు అన్నాడు. అలాగే ప్రింట్ తీశాను. ఆ ఫ్లెక్సీ ఒక్కటే నాకు గుర్తుంది.

కువైట్ డ్రైవరు

అక్కా, మాది రాజంపేట పక్కన. కువైట్‌లో ఇంటి డ్రైవరుగా పదకొండేండ్లు. మొదట్లో రూములో ఎనిమిది మందిమి, మంచం మీద మంచం. అన్నమయ్యది మా తాళ్లపాకే కాబట్టి చిన్నప్పటి నుంచి ఆయన కీర్తనలు మైకులో వినీ వినీ విసుగు పుట్టినోణ్ని నేను. ఈడకొచ్చినాక ఒగదినం రాత్రి సారు దివానియాలో, అంటే ఈడ మగోళ్లు కూడి కబుర్లాడుకునే హాల్లో ఉన్నాడు, నేను బయట కార్లో. ఒంటిగంట దాటింది. ఫోన్‌లో "బ్రహ్మమొక్కటే" వచ్చింది.

నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే
అండనే బంటు నిద్ర అదియు నొకటే

నాకు కోపమొచ్చిందక్కా. ఒకటెట్లయితాది? ఆయన పదకొండింటికి లేస్తాడు, నేను పిల్లోళ్లని బడికి దింపాలంటే ఐదింటికే లేయాల. ఆయనది ఆయన గది, నాది పైమంచం, కింద పండుకున్నోని గురక. అన్నమయ్యకి నా పైమంచం సంగతి తెలీదులే అనుకున్న్యా.

ఆ కోపంలోనే ఆ లైను పోలేదు తలకాయలోంచి. ఒక నెల పట్టింది. ఆయన నిద్రపోతా ఉంటే తను సారునని ఆయనకి తెలీదు. నేను నిద్రపోతా ఉంటే నేను డ్రైవర్నని నాకూ తెలీదు. ఆ నాలుగు గంటలూ ఎవురికీ ఎవురూ ఏమీ కారు. అన్నమయ్య మంచం గురించి చెప్పలేదు, నిద్ర గురించి చెప్పినాడు. అది తెలిసినాక జీతం ఏమీ పెరగలేదు. పండుకునేటప్పుడు మాత్రం రవ్వంత ధైర్యంగా ఉంటాది.

నేను చెప్పొచ్చేది ఏందంటే, నీకు కోపం తెప్పించే పద్యాన్ని వదలొద్దు. మంచిమాటలకి కోపం కూడా రాదు.

ఇంకోటి, పంతులు సారుకి. పోతన మా ఒంటిమిట్టోడు. గుడిలో బొమ్మ కూడా ఉంది.

పాతపలక

డ్రైవర్ తమ్మీ, నీ నిద్ర సంగతి చదివి రెండు నిమిషాలు ఊకున్న. ముప్పై రెండేండ్లు ఆ కీర్తనకు అర్థం చెప్పిన, పైమంచం ఎన్నడు తట్టలేదు. ఒంటిమిట్ట సంగతి మాత్రం ఇంకోసారి మాట్లాడుకుందాం. ఈ అమ్మ ఇంట్ల ఆ కొట్లాట వద్దు.

లెక్కల టీచరమ్మ

మూడు వారాలు ఇటు రాలేదు, క్షమించండి. పరీక్షల డ్యూటీ పడింది, మధ్యలో అమ్మకి జ్వరం. ఇప్పుడు తగ్గింది.

మాస్టారూ, మీరు చెప్పినట్టు సీసం ఎత్తాను. అమ్మ పైన ఫ్యాను చూస్తూ ఊరుకుంది. ఆవిడకి ఆ పద్యం రాదనుకుంటాను, లేదా నేను చదివిన తీరు అంత దరిద్రంగా ఉంది. మర్నాడు "లావొక్కింతయు లేదు" అన్నాను. "ధైర్యము విలోలంబయ్యె" వరకు నాతో వచ్చి, పెదవి వణికి, కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ ఆపేశాను. ఒళ్లు పడిపోయిన మనిషితో అనిపించే పద్యం కాదది. అర్థం తెలుస్తోందా లేదా అన్న నా మొదటి ప్రశ్న ఆ పూటతో తీరిపోయింది.

థెరపీ మేడమ్ గారూ, మీరన్నట్టు పది లెక్కపెట్టడం మొదలెట్టాను. పద్యం చెప్పిస్తాను, "లేడో" దగ్గర ఆగుతుంది, చూస్తుంది, నేను లెక్కపెడతాను. నాలుగు దగ్గరే విసుక్కుంటుంది. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఇలా బోర్లా వేసి, మళ్లీ వెల్లకిలా తిప్పుతుంది. అది రోజూ చేస్తోంది, నేను చూడలేదంతే. చేతులు చాచి అడుగుతోందేమో, శరణు అంటోందేమో అనుకున్నాను. ఒక రోజైతే ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. విదిలించేసింది.

మొన్న ఆదివారం చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మం దాకా తీసుకొచ్చాను. ఎప్పుడూ మంచం దగ్గరే ఉంటోంది కదా, కాస్త మార్పు ఉంటుందని. పెనం పెట్టి అట్టు పోశాను. చుయ్యిమంది. ఆ చప్పుడు వినగానే అమ్మ తనంతట తనే మొదలెట్టింది, ఎవరూ అందించకుండా. "కలడందురు దీనుల యెడ..." నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడి విన్నాను. "కలడో లేడో" అంది. కనుబొమలు పైకెత్తి నా వంక చూసింది. నేను లెక్క మొదలెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఎడమ చెయ్యి బోర్లా వేసి తిప్పింది. నాలుగు, ఐదు. మళ్లీ తిప్పింది, ఈసారి గట్టిగా, కుర్చీ చెయ్యి మీద కొట్టినట్టు.

మాడు వాసన వచ్చింది.

నాకు నవ్వాగలేదండీ. ఏడుపూ ఆగలేదు. ఇన్ని రోజులు నేను రాత్రి రెండింటికి లేచి దేవుడున్నాడా లేడా అని కొట్టుకుంటుంటే, ఆవిడ నన్ను అట్టు తిప్పమంటోంది. అది పూర్తిగా అంతేనా అంటే, అదీ చెప్పలేను. మర్నాడు మంచం మీద మళ్లీ చెప్పించాను. అదే చూపు, అదే చెయ్యి. అక్కడ పెనం లేదు మరి.

ఆ మాడిన అట్టు తీసి పక్కన పడేసి రెండోది పోశాను. అమ్మ మళ్లీ అందుకుంది. "లేడో" అనగానే తిప్పేశాను. ఈసారి విసుక్కోలేదు. తల ఊపింది. ఒక్క క్షణం ఆగి,

లోకంబులు లోకేశులు
లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

రెండో వైపు పద్యం. నలభై ఏళ్ల కిందట నేను గ్లాసులు కడుగుతూ వినకుండా వదిలేసింది. మాస్టారూ, పోతన గారు దీన్ని ముందు పెట్టి "కలడో లేడో" వెనక పెట్టారన్నారు. మా అమ్మ కొట్లో వరస తిరగబడింది. మీకు అభ్యంతరమైతే ఆవిడతోనే మాట్లాడుకోండి.

ఆ పూట తొమ్మిది అట్లు పోశాను. తినడానికి మేమిద్దరమే. మిగిలినవి పక్కింటి వాళ్లకిచ్చాను.